ఆకాశం కురిపించిన మంచు వేరు, మన గొట్టం కార్చిన మంచు వేరు

మంచు అనే ఒక్క మాటతో మనం స్నోని, ఐస్‌ని, ఆఖరికి పొద్దున్నే కమ్ముకునే పొగని కూడా సరిపెట్టేస్తాం. మాటల్లో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్నాక మాత్రం ఆ తేడా తెలియాలి. ఇంటి ముందు ఎవరో జారిపడి తుంటి ఎముక విరిగిందనుకోండి. లాయర్లు ముందు తవ్వేది దీన్నే: కాలు జారింది పైనుంచి కురిసిన స్నో మీదా, లేక కరిగి, పారి, మళ్ళీ గడ్డకట్టిన ఐస్ మీదా? ఐస్ అయితే ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ప్రతి డిసెంబరులోనూ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా చక్కర్లు కొడుతుంది. "స్నో తీయొద్దు. తీస్తే బాధ్యత మన నెత్తిన పడుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే అది ప్రకృతి, మనకేం సంబంధం లేదు." ఇది తప్పు సలహా. ఎవరో ఊరికే పుట్టించిందీ కాదు, దీని వెనక పాత కోర్టు సూత్రం ఒకటి ఉంది. అందుకే నమ్మబుద్ధేస్తుంది. ఆ సూత్రం ఏమిటో, ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ కొట్టేశారో తెలిస్తే ఈ సలహా ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

సూత్రం ఇది. సహజంగా కురిసి పేరుకున్న మంచుకి ఇంటి యజమాని బాధ్యుడు కాడు. తన చేతల వల్ల, తన కట్టడం వల్ల ఏర్పడిన మంచుకే బాధ్యుడు. మసాచుసెట్స్ వందేళ్ళకు పైగా దీన్నే పట్టుకుని నడిచింది. డాన్వర్స్‌లో టార్గెట్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో ఒకాయన నేలకు అతుక్కుపోయిన ఐస్ ముక్క మీద జారిపడ్డాడు. మంచు తోసే ప్లౌ బండి స్నోని పక్కకు తోసి గుట్ట పోసింది. ఆ ముక్క గుట్టలోంచి దొర్లిందా, గుట్ట కరిగి గడ్డకట్టిందా అన్నది తేలలేదు. ఎటు తిరిగినా అది సహజమైనదేనని కింది కోర్టు కేసు కొట్టేసింది. 2010 జులైలో ఆ రాష్ట్ర సుప్రీం జ్యుడీషియల్ కోర్టు సహజం, అసహజం అనే తేడానే ఎత్తేసింది. నేల మీద నూనె ఒలికితే ఎంత జాగ్రత్త పడాలో మంచు విషయంలోనూ అంతే జాగ్రత్త పడాలంది. ఆ రోజు నుంచి మసాచుసెట్స్‌లో "ముట్టుకోకుండా వదిలేశాను" అన్నది సమర్థన కాదు, నేరుగా ఒప్పుకోలే.

ఇల్లినాయ్ పాత సూత్రాన్ని వదల్లేదు. అయినా అక్కడ కూడా మన వాట్సాప్ సలహాకి తావులేదు. 1979లోనే అక్కడ స్నో అండ్ ఐస్ రిమూవల్ యాక్ట్ వచ్చింది. ఇంటి పక్క కాలిబాట మీద స్నో తీసినవాళ్ళు ఆ తీయడంలో ఏదో లోపం జరిగినా, అది బుద్ధిపూర్వకమో బొత్తిగా లెక్కలేనితనమో అయితే తప్ప, బాధ్యులు కారు. అంటే చట్టసభ పార చేతపట్టినవాడికే రక్షణ ఇచ్చింది. మనవాళ్ళు దాన్ని తలకిందులు చేసి చెప్పుకుంటున్నారు. న్యూజెర్సీలో సొంత ఇంటి ముందున్న పబ్లిక్ సైడ్‌వాక్ విషయంలోనూ అంతే. స్నో తీసినందుకు ఇంటివాళ్ళ మీద బాధ్యత పడదు, కొత్త ప్రమాదాన్ని వాళ్ళే చేర్చితే తప్ప. అది కూడా పబ్లిక్ సైడ్‌వాక్ సంగతే. మీ మెట్లూ, మీ డ్రైవ్‌వే, గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న నడక దారీ ఆ లెక్కలోకి రావు. పిలిచిన అతిథికీ, ఉత్తరాలు తెచ్చే మనిషికీ అక్కడ మీరు జవాబుదారీ. టౌన్‌షిప్ వేసే జరిమానా మళ్ళీ వేరే సంగతి.

మిగతా రాష్ట్రాలు తలో దారిలో పోయాయి. పెన్సిల్వేనియాలో "హిల్స్ అండ్ రిడ్జెస్" అంటారు. ఊరంతా జారుడుగా ఉన్నప్పుడు పడినవాళ్ళు గెలవాలంటే, నడకకు అడ్డొచ్చేంత ఎత్తుగా మంచు గుట్టలుగా గట్లుగా పేరుకుపోయిందనీ, అది యజమానికి తెలుసనీ లేదా తెలిసి ఉండాల్సిందనీ, దానివల్లే పడ్డామనీ చూపించాలి. ఊరంతా పొడిగా ఉండి మీ వాకిట్లో మాత్రం ఒక ఐస్ మరక ఉంటే ఈ రక్షణ పనిచేయదు. ఒహాయోలో సహజమైన మంచు తీయాల్సిన బాధ్యత ఇంటి యజమానికి లేదని అక్కడి సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. టెక్సాస్ సుప్రీంకోర్టు 2010లో దాదాపు అదే మాట అంది. కాబట్టి డాలస్‌లో ఉన్న స్నేహితుడి సలహా బోస్టన్‌లో ఉన్నవాడికి పనికిరాదు. రాష్ట్రం పేరు చెప్పకుండా మంచు చట్టం చెప్పేవాళ్ళ మాట వినకండి.

మిషిగన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఏళ్ళపాటు అక్కడ "కళ్ళకు కనిపించే ప్రమాదమే కదా, చూసుకుని నడవాల్సింది" అంటే సాధారణంగా కేసు అక్కడితో సరి. 2023 జులైలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. అందులో ఒక కేసు పెట్రోల్ బంకులో మంచు మీద జారిపడినదే. ప్రమాదం కనిపిస్తోందా లేదా అన్నది ఇప్పుడు యజమాని తగిన జాగ్రత్త తీసుకున్నాడా, పడినవాడి తప్పు ఎంత శాతం అని తూచేటప్పుడు లెక్కలోకి వస్తుంది. అంతేగానీ కేసును గుమ్మంలోనే ఆపేయదు. ట్రాయ్, నోవై, కాంటన్ వైపు ఇళ్ళున్న మనవాళ్ళలో చాలామంది ఇంకా పాత రూలే నమ్ముకుని ఉన్నారు.

ఇన్ని రాష్ట్రాలు ఇన్ని దారులు పట్టినా ఒక్క చోట మాత్రం అన్నీ దాదాపు కలుస్తాయి. ఆకాశం కురిపించిన మంచు గురించి కోర్టులకు భిన్నాభిప్రాయాలున్నాయి. మన గొట్టం కార్చిన మంచు గురించి లేవు. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 2016లో ఇదే తేల్చింది. స్నో తీసేవాళ్ళకిచ్చిన 1979 నాటి రక్షణ, కట్టడంలోనో నిర్వహణలోనో ఉన్న లోపం వల్ల నీళ్ళు చేరి గడ్డకట్టిన ఐస్‌కి వర్తించదంది. చాలా ఇళ్ళలో నిజంగా ఎముకలు విరిగేది ఈ ఐస్ మీదే. అయినా స్నో పడ్డ రోజు పార పట్టుకుని చెమటలు కక్కేవాళ్ళం, గొట్టం వైపు చూడం.

ఆ గొట్టాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పైకప్పు అంచున గట్టర్. దాని మూల నుంచి గోడ వెంట కిందికి దిగే డౌన్‌స్పౌట్. చాలా టౌన్‌హోముల్లో దాని మూతి నడక దారికి అడుగు దూరంలో ఉంటుంది, కొన్నింటిలో నేరుగా దారి మీదికే తెరుచుకుంటుంది. స్నో పడి రెండు రోజులైంది. మీరు దారంతా శుభ్రంగా తీశారు, కాంక్రీటు పొడిగా ఉంది. మధ్యాహ్నం 36 డిగ్రీల ఫారన్‌హీట్, ఎండ. పైకప్పు మీది స్నో కరిగి గట్టర్‌లోకి, అక్కణ్ణుంచి డౌన్‌స్పౌట్ గుండా దారి మీదికి సన్నటి పాయగా పారుతుంది. (పైకప్పు కింది ఆటిక్‌లో చలి ఆపే ఇన్సులేషన్ సరిగ్గా లేకపోతే బయట గడ్డకట్టే చలిలోనూ ఇంటి వేడికి పైకప్పు అడుగు నుంచి కరుగుతూనే ఉంటుంది.) సాయంత్రం అయిదింటికి చీకటి పడుతుంది, పాదరసం నీళ్ళు గడ్డకట్టే 32 కిందికి దిగుతుంది. ఆ పాయ గాజు పొరలా గడ్డకడుతుంది. కింద కాంక్రీటు రంగు అలాగే కనిపిస్తుంది, తడిసినట్టు ఉంటుంది, అంతే. దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. మర్నాడు ఉదయం ఏడింటికి ఆ దారిన వచ్చేవాళ్ళకు అనుమానించే కారణమే ఉండదు, చుట్టూ అంతా పొడిగా ఉంది కాబట్టి.

దీనికి మందు చవకైనది. డౌన్‌స్పౌట్ మూతికి 6 నుంచి 10 అడుగుల పొడిగింపు తగిలించి, పల్లంగా ఉన్న గడ్డి వైపు తిప్పాలి. దారికి అవతల మాత్రమే గడ్డి ఉంటే 4 అంగుళాల గొట్టాన్ని దారి కింద నుంచి వాలుగా పంపాలి. చివర మూత తెరుచుకునే రకం బిగిస్తే చలికాలంలో ఆ మూతే గడ్డకట్టి నీళ్ళు వెనక్కి తంతాయి. వాలు ఉన్న చోట చివర తెరిచి వదిలేయడమే మేలు. ఈ పని అక్టోబరులో చేయాలి, నేల గట్టిపడ్డాక పార దిగదు.

రెండో దొంగ సంప్ పంపు. బేస్‌మెంటు నీళ్ళను బయటికి తోసే ఒకటిన్నర అంగుళం గొట్టం. భూమిలోంచి వచ్చే ఆ నీళ్ళు బయటి చలికంటే వెచ్చగా ఉంటాయి. అందుకని ఎండ లేకపోయినా, పదేసి డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో కూడా అవి పారుతూనే ఉంటాయి. గొట్టం సైడ్‌వాక్ వైపు తిరిగి ఉంటే రోజురోజుకీ పొర మీద పొర పేరుకుని చిన్న ఐస్ రింకే తయారవుతుంది. పెన్సిల్వేనియాలో అయితే హిల్స్ అండ్ రిడ్జెస్ రక్షణ పోయినట్టే, ఇల్లినాయ్‌లో అసహజం అన్న ముద్ర పడినట్టే. గొట్టం దిశ మార్చండి. గొట్టం మధ్యలో గడ్డకడితే నీళ్ళు గోడ దగ్గరే బయటపడేలా చీలికలున్న అతుకు ఒకటి దొరుకుతుంది, అది వేయండి. లేకపోతే బేస్‌మెంటు మునుగుతుంది.

మూడోది మీరు పోసిన స్నో గుట్ట. డ్రైవ్‌వేకి ఎగువ వైపు పోస్తే అది పగలు కరిగి దారికి అడ్డంగా పారుతుంది, రాత్రి గడ్డకడుతుంది. పల్లం వైపు పోయండి. పార్కింగ్ లాట్ అయితే నీళ్ళు దిగే జాలీలను గుట్టల కింద కప్పేయొద్దు. గుడి, కమ్యూనిటీ హాలు, పార్కింగ్ లాటున్న దుకాణం నడిపేవాళ్ళు ప్లౌ అబ్బాయికి గుట్ట ఎక్కడ పోయాలో సీజనుకు ముందే సైట్ మ్యాప్ మీద గీసి ఇవ్వాలి. తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో అతను తనకు సులువైన మూలకే తోస్తాడు.

ఇక టైము. మంచు కురుస్తుండగానే తీయాలని చాలా రాష్ట్రాలు అనవు. న్యూయార్క్‌లో ఇది పాత నియమమే, కనెక్టికట్ 1989లో ఒప్పుకుంది, న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2021 జూన్‌లో కమర్షియల్ యజమానులకు ఇదే వర్తింపజేసింది. తుఫాను ఆగాక సముచితమైన వ్యవధి ఉంటుంది. న్యూజెర్సీ తీర్పులో రెండు మినహాయింపులున్నాయి: యజమాని చేతల వల్ల ప్రమాదం పెరిగితే, లేదా తుఫానుకు ముందునుంచే అక్కడ పాత ఐస్ ఉంటే. ఈ రెండోదే ఎక్కువమందిని ముంచుతుంది. మొన్నటి ఐస్ మీద ఇవాళ కొత్త స్నో పడితే "తుఫాను నడుస్తోంది" అన్న మాట నిలబడకపోవచ్చు.

న్యూయార్క్ సిటీలో ఆ వ్యవధికి గడియారం కూడా ఉంది. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 లోపు స్నో ఆగితే 4 గంటల్లో సైడ్‌వాక్ తీయాలి. సాయంత్రం 5 నుంచి రాత్రి 9 మధ్య ఆగితే 14 గంటలు. రాత్రి 9 తర్వాత ఆగితే మర్నాడు 11 లోపు. 2003 నుంచి ఆ ఊళ్ళో సైడ్‌వాక్ మీద పడ్డ గాయాల బాధ్యత సిటీ నుంచి పక్కనున్న స్థలం యజమానికి మారింది. ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇల్లై ఉండి, యజమాని అందులోనే ఉంటూ, పూర్తిగా నివాసానికే వాడుతుంటే మినహాయింపు. క్వీన్స్‌లో ఇల్లు కొని, కొన్నేళ్ళుండి, ఉద్యోగం మారి ఇల్లంతా అద్దెకిచ్చి టెక్సాస్ వెళ్ళిపోయినవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. మీరు ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆ మినహాయింపు కూడా మీతోపాటే బయటికొచ్చేసింది.

పడినవాళ్ళ వైపు నుంచి చూస్తే టైము ఇంకోలా పనిచేస్తుంది. ఆ ఐస్ అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో చూపించగలగాలి. అరగంట క్రితం ఏర్పడితే యజమానికి తెలిసే అవకాశం లేదు. ఐస్ మురికిగా ఉండి, అందులో పాత చెప్పుల అచ్చులు, టైరు జాడలు గడ్డకట్టి ఉంటే అది గంటల నాటిది కాదు, రోజుల నాటిది. అందుకే పడిన చోటును దగ్గర నుంచీ, దూరం నుంచీ ఫోటో తీయాలి. పైన డౌన్‌స్పౌట్ మూతి కూడా అదే ఫోటోలో పడాలి. దగ్గర్లోని ఎయిర్‌పోర్టు వాతావరణ కేంద్రం గంటగంటకీ నమోదు చేసే ఉష్ణోగ్రతలు కోర్టులో సాక్ష్యంగా నిలబడతాయి. ఎవరు ఎన్నింటికి ఏం చేశారో జ్ఞాపకం మీద చెబితే, ఆ అంకెలు దాన్ని సులువుగా తప్పని తేలుస్తాయి.

యజమానికీ అదే మందు. ఎన్నింటికి తీశారు, ఎన్నింటికి సాల్ట్ వేశారు, ఫోన్‌లో ఒక ఫోటో. అంతే చాలు.

సాల్ట్ గురించి రెండు ముక్కలు. మామూలు రాక్ సాల్ట్ 15 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా బాగా పనిచేస్తుంది. అంతకంటే దిగితే వేసినా వేయకపోయినా ఒకటే, అప్పుడు కాల్షియం క్లోరైడ్ కావాలి. చూడాల్సింది నేల చలి, గాలి చలి కాదు. ముందు పారతో తీసి, మిగిలిన పలచటి పొర మీదే చల్లాలి. 12 ఔన్సుల కాఫీ మగ్గుడు సాల్ట్ 20 అడుగుల డ్రైవ్‌వేకి చాలు. మనవాళ్ళు ముగ్గు పోసినట్టు గుప్పిళ్ళతో పోస్తారు. అది కాంక్రీటును తింటుంది, గడ్డిని చంపుతుంది, అదనంగా కరిగించేదీ ఏమీ లేదు. అందరూ మరిచేది ఒకటుంది. సాల్ట్ కరిగించిన నీళ్ళు అక్కడే నిలిస్తే, ఇంకా స్నో కరిగి వచ్చి చేరి పలచబడి, రాత్రికి మళ్ళీ గడ్డకడతాయి. పొద్దున సాల్ట్ వేశాం కదా అని సాయంత్రం చూడకపోవడం వల్లే చాలా ప్రమాదాలు. చీకటి పడే ముందు ఒకసారి బయటికి రండి.

స్నో పనికి కాంట్రాక్టరును పెట్టుకుంటే బాధ్యత అతనిదే అయిపోతుందనుకోవడం ఇంకో భ్రమ. స్థలం మీది, పడిన మనిషి మొదట వెతికేది మిమ్మల్నే. కాంట్రాక్టరు నేరుగా బాధ్యుడయ్యే సందర్భాలు న్యూయార్క్ అత్యున్నత కోర్టు 2002లో మూడే చెప్పింది: అతనే ప్రమాదాన్ని సృష్టిస్తే, పడినవాళ్ళు అతని పని మీద ఆధారపడి నష్టపోతే, స్థలం భద్రత మొత్తాన్ని యజమాని స్థానంలో అతనే పూర్తిగా తీసుకుని ఉంటే. మామూలు సీజను ఒప్పందం ఈ మూడోదానికి సరిపోదు. ఒప్పందంలో ఏముందో చదవండి. "2 అంగుళాలు పడితే వస్తాం" అని ఉంటే ఒకటిన్నర అంగుళం పడ్డ రోజు, అసలు స్నోనే లేకుండా రాత్రి గడ్డకట్టిన రోజు ఎవరూ రారు. సాల్ట్ మీరు ఫోన్ చేస్తేనా, వాళ్ళంతట వాళ్ళేనా? కరిగి మళ్ళీ గడ్డకట్టినప్పుడు తిరిగి వస్తారా? వచ్చిన టైము రాసిస్తారా? ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాయితం చూసి తృప్తిపడొద్దు. అది సమాచారమే, హక్కేమీ ఇవ్వదు. అతని పాలసీ రక్షణ మీకూ వర్తించేలా మిమ్మల్ని అడిషనల్ ఇన్‌ష్యూర్డ్‌గా చేర్చిన ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే కాయితం) అడగండి. అసలు అతని పాలసీలో స్నో, ఐస్ పనికే మినహాయింపు ఉందేమో చూడండి. గడ్డి కోసే కంపెనీలు చలికాలంలో ప్లౌ తగిలించుకుని వచ్చినప్పుడు ఈ మినహాయింపు తగలడం మామూలే.

మీ సొంత పాలసీ కూడా ఒకసారి తీయండి. హోమ్‌ఓనర్స్ పాలసీలో రెండు భాగాలు ఇక్కడ పనికొస్తాయి. ఒకటి లయబిలిటీ, సాధారణంగా లక్ష నుంచి 3 లక్షల డాలర్లు లేదా ఆపైన. మీ తప్పుందని తేలితే ఇచ్చే డబ్బూ, మీ తరఫు లాయరు ఖర్చూ. రెండోది మెడికల్ పేమెంట్స్, వెయ్యి నుంచి 5 వేల డాలర్లు. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా అతిథి ఆసుపత్రి బిల్లుకిచ్చేది. ఈ రెండూ బయటివాళ్ళ కోసం. ఇంట్లో నివసించే బంధువు పడితే పనిచేయవు. ఆరు నెలలకని వచ్చిన అత్తగారు మీ మెట్ల మీదే పడితే ఆవిడ అతిథా, ఇంటి మనిషా అన్న వాదన వస్తుంది. దాని మీద ఆశ పెట్టుకోకుండా ఆవిడకు మంచి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడం తప్పనిసరి. ఇల్లు అద్దెకిచ్చి పాత హోమ్‌ఓనర్స్ పాలసీనే కొనసాగించేవాళ్ళు, ఇంటిని ఎల్‌ఎల్‌సీ (సొంతంగా పెట్టుకున్న చిన్న కంపెనీ) పేరుకు మార్చి పాలసీ మాత్రం సొంత పేరునే ఉంచేవాళ్ళు, బేస్‌మెంటులో ఫీజు తీసుకుని కూచిపూడి, సంగీతం క్లాసులు చెప్పేవాళ్ళు, వీళ్ళ క్లెయిములు తిరస్కరించడానికి కంపెనీకి చేతినిండా కారణాలుంటాయి. పదిమంది పిల్లలు ప్రతి శనివారం మీ పక్క వాకిలి మెట్లు దిగుతుంటే, ఏజెంటుకు ఈమెయిల్ రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

ఎవరైనా పడ్డారు. ముందు మనిషిని చూడండి, అవసరమైతే 911. ఫోటోలు తీయండి, తీశాక వెంటనే సాల్ట్ వేయండి. "ఇప్పుడు వేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమో" అని భయపడి ఐస్‌ని అలాగే వదిలేసేవాళ్ళున్నారు, రెండో మనిషి కూడా అక్కడే పడతాడు. ప్రమాదం తర్వాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా వాడకూడదని ఫెడరల్ ఎవిడెన్స్ రూల్ 407 చెబుతుంది, చాలా రాష్ట్రాల్లో అలాంటి నియమమే ఉంది. కెమెరా ఉంటే ఆ రోజు రికార్డింగు దాచండి, చెరిపేస్తే అది మీకే ఎదురు తిరుగుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే వారంలో చెప్పండి.

పడినవాళ్ళకు గడువులు ముఖ్యం. మసాచుసెట్స్‌లో మంచు గాయమైతే స్థలం యజమానికి 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఊరి ప్రభుత్వం మీదైతే నోటీసుకు 90 రోజులు. దావాకు సాధారణంగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్‌లలో 2 ఏళ్ళు, న్యూయార్క్, మసాచుసెట్స్‌లలో 3. ఆ రోజు వేసుకున్న బూట్లు ఉతక్కుండా సంచిలో పెట్టి దాచండి, అడుగు అరిగిపోయిన బూట్లే అని అవతలివాళ్ళు తప్పక అంటారు. వర్జీనియా, మేరీలాండ్, డీసీల్లో ఆ మాట చాలా బరువైనది. అక్కడ పడినవాడి తప్పు ఒక్క శాతం తేలినా మొత్తం పోవచ్చు. న్యూయార్క్‌లో అయితే తప్పెంత శాతమో అంత తగ్గించి మిగతాది ఇస్తారు.

మనవాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పడింది స్నేహితుడి ఇంట్లో, సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే వెళ్ళి. వాళ్ళ మీద క్లెయిమా? అంత మాట ఎలా అంటాం? ఈ మొహమాటం నాకు అర్థమవుతుంది, కానీ దానివల్ల ఇద్దరూ నష్టపోతారు. మణికట్టు విరిగి సర్జరీ అయితే మీ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ కొన్ని వారాలకు ఒక ఫారం పంపుతుంది: ఈ గాయం ఎక్కడ, ఎవరి స్థలంలో, ఎలా జరిగింది? మీరు అడక్కపోయినా ఆ స్థలం ఇన్సూరెన్స్ నుంచి తాము కట్టిన డబ్బు రాబట్టుకునే హక్కు చాలాసార్లు వాళ్ళకుంటుంది. స్నేహితుడి పరువు కాపాడాలని "మా ఇంట్లోనే జారాను" అని రాస్తే అది అబద్ధపు ప్రకటన. ఉన్నది ఉన్నట్టు రాయండి. రాసే ముందు స్నేహితుడికి ఫోన్ చేసి, "మీ మెడికల్ పేమెంట్స్ ఎంతుందో చూడు, నా డిడక్టిబుల్, అంటే నా జేబులోంచి కట్టాల్సిన వాటా, అందులోంచి వస్తుందేమో అడుగు" అనండి. అతను ఏటా ప్రీమియం కడుతున్నది అందుకే. వర్షాలు మొదలయ్యే లోపు అతని డౌన్‌స్పౌట్ మూతి ఎటు తిరిగి ఉందో కూడా ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి.